నోట్లో పిల్లల్ని పెంచే చేపలు - 4వ పాఠం: తిరగేసి చూడటం

పోయిన పాఠంలో రంగుని బట్టి ఆడా మగా గుర్తుపట్టే సంగతి చెప్పుకున్నాం. ఇంటికెళ్లి ట్యాంకు ముందు కూర్చున్నవాళ్లకి ఈపాటికి తల తిరిగే ఉంటుంది. మనం పెంచేవి ఆఫ్రికాలోని మాలావీ సరస్సు చేపలు. వాటిలో కెన్యీ అనే రకంలో పసుపుది మగది, నీలంది ఆడది. పైగా చిన్నప్పుడు రెండూ నీలమే. యెల్లో ల్యాబ్ అనే రకం అయితే ఆడా మగా రెండూ పసుపే. డెమసోనీ రకంలో రెంటికీ ఒకటే చారలు. కింద వెనక రెక్క మీద గుడ్ల లాంటి చుక్కలుంటే మగదని షాపులో చెప్తారు గానీ, ఆ చుక్కలు చాలా రకాల్లో ఆడవాటికీ ఉంటాయి, కాకపోతే తక్కువగా, వెలిసినట్టు. ఇంకో తిరకాసు: పెద్ద మగదాని దెబ్బలకి భయపడ్డ చిన్న మగది రంగు దించేసుకుని ఆడదానిలా తిరుగుతుంది.

అంచేత రంగుని నమ్మకుండా చేపని తిరగేసి, పొట్ట కింద ఉండే ద్వారాలు చూడాలి. మాట చిన్నదే, చెయ్యి తిరగడానికే టైము పడుతుంది. ఖరీదైన చేపల మీద చెయ్యి తిప్పుకోవద్దు. ముందు చేపల బజారుకి వెళ్లండి.

అవును, కూరకి అమ్మే తిలాపియా కోసమే. అదీ ఆఫ్రికా నుంచి వచ్చిందే, మన ట్యాంకు చేపల్లాగే సిక్లిడ్ అనే కుటుంబానిదే. 1952లో మన దేశానికి తెచ్చారు. వాటిలాగే గుడ్లని తల్లి నోట్లో దాచుకుంటుంది. ఒక జాగ్రత్త: చెరువుల్లో పెంచేవాళ్లు చాలామంది మగ పిల్లల్నే వేస్తారు, అవే త్వరగా బలుస్తాయి కాబట్టి. ఒకే సైజు రాశి జోలికి పోకుండా, చిన్నా పెద్దా కలగలిసిన గంపలోంచి అయిదారు ఏరుకోండి.

శ్రీకాకుళం బజారులో నేను మొదటిసారి ఈ పని చేస్తుంటే చేపలమ్మే ఆవిడ కత్తిపీట ఆపి చూసింది. "ఏటి బాబూ, తిరగేసి అలా సూత్తన్నావు? తినీడానికా, పెళ్లిసూపులకా?"

ఇంటికి తెచ్చి పొట్ట పైకి పెట్టండి. తల వైపున్నది మలద్వారం. దాని వెనక చిన్న బుడిపె కనిపిస్తుంది. మగదానికి ఆ బుడిపె మొన తేలి, కొసన ఒకే రంధ్రం ఉంటుంది. ఆడదాని బుడిపె గుండ్రంగా, మధ్యలో అడ్డంగా చీలికతో ఉంటుంది. కొసన మూత్రానికి వేరే రంధ్రం. అంటే మగదానికి మొత్తం రెండు, ఆడదానికి మూడు. చీలిక కనపడకపోతే చేపల పెంపకందార్లు చేసే ఉపాయం ఉంది: బుడిపె మీద కాస్త నీలం రంగు పూసి తుడిస్తే, చీలికలో రంగు నిలిచిపోతుంది. ముందు మీ తీర్పు కాగితం మీద రాసి, అప్పుడు పొట్ట కొయ్యండి. జన, అంటే గుడ్ల ముద్ద, దొరికితే ఆడది. పదికి ఎనిమిది సరిపోయేవరకూ పులుసు తినడమే.

ఇప్పుడు ట్యాంకు దగ్గరకి రండి. మాలావీ చేపల్లో తిలాపియాలా మూడు రంధ్రాలు వెతక్కండి, మన కంటికి ఆనవు. రెండే చూడాలి, వాటి సైజులు పోల్చాలి. ముందుది, వెనకది ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మగది. వెనకది ముందుదాని కంటే వెడల్పుగా, పెద్దగా ఉంటే ఆడది. ఒక్క చేపని చూసి ఏమీ తేల్చొద్దు. అదే రకానివి, అదే సైజువి నాలుగు పక్కపక్కన పోల్చినప్పుడే తేడా కంటికి ఆనుతుంది.

చెయ్యి ముందు తడుపుకోండి, పొడి చేతికి చేప ఒంటి జిగురు ఊడొస్తుంది. వీపు రెక్క ముళ్లు గుచ్చుకుంటాయి, తడి వలతో కలిపి పట్టుకోండి. చేప చేతిలో ఉండేది కొద్ది సెకన్లే. ఆ కాసేపట్లో కళ్లతో తేల్చుకోలేం గనక, పక్కన ఒకరిని నిలబెట్టి ఫోన్‌తో రెండు ఫొటోలు తీయించి వదిలేయండి. తర్వాత పెద్దది చేసి చూడొచ్చు. గొంతు ఉబ్బి, మేత వేసినా తినకుండా దవడ ఆడిస్తున్న చేపని మాత్రం పట్టుకోవద్దు. నోట్లో గుడ్లుంటాయి, బెదిరితే ఉమ్మేస్తుంది.

ఏడెనిమిది సెంటీమీటర్లు పెరగని పిల్లల దగ్గర ఈ విద్య నమ్మకంగా పనిచేయదు. నేను తొందరపడి అయిదు సెంటీమీటర్ల యెల్లో ల్యాబ్‌లు నాలిగింటిని ఆడవని రాసి మా అప్ప ట్యాంకుకి ఇచ్చాను. రెండు నెలలకి అందులో ఒకదాని కింద రెక్కలు నల్లబడి, మిగతావాటిని మూలకి తరమడం మొదలెట్టింది. అప్ప ఇప్పటికీ దాన్ని నా పేరుతోనే పిలుస్తుంది.

వచ్చే పాఠానికి మీ ఫొటోలు, వాటి పక్కన మీ తీర్పులు రాసి ఉంచుకోండి. గొంతు ఉబ్బిన తల్లిని మూడు వారాల పాటు ఎలా చూసుకోవాలో అక్కడ మొదలెడదాం.