స్టాండర్డ్ హెరాల్డ్ కారు క్లచ్ సెట్ చేసే ముందు ఇవి చూసుకోండి

గేరు వేస్తే కరకరమంటోంది, పెడల్ సగం దాకా ఊరికే దిగిపోతోంది అనగానే చాలామంది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని లైనులోకి తోసేది) పుష్ రాడ్‌కి వెల్డింగ్ పెట్టించి పొడవు చేయిద్దాం అంటారు. దయచేసి ఆ పని చేయకండి. పెడల్ వదిలినప్పుడు రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కొంచెం ప్లే, అంటే ఖాళీ, ఒక మిల్లీమీటరు అనుకోండి, ఉండి తీరాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ తిరిగి డబ్బాలోకి వెళ్ళే దారి మూసుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ లైనులో ప్రెషర్ నిలబడిపోయి క్లచ్ జారడం మొదలవుతుంది. ఊళ్ళో బాగానే తిరిగిన బండి ఘాట్ ఎక్కేటప్పుడు మొండికేస్తుంది.

మద్రాసులో తయారైన ఈ బండ్లు 1961 నుంచి వచ్చాయి, అంటే వీటిలో అరగని భాగం అంటూ ఉండదు. అందుకే ముందు పెడల్ దగ్గర పుష్ రాడ్‌ని కలిపే క్లెవిస్ పిన్ తీసి చూడండి. పిన్ మీద గాడి పడి, పెడల్ రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే సగం రోగం అక్కడే ఉన్నట్టు. పిన్ కొత్తది వేసి, రంధ్రాన్ని లేతు మిషన్ దగ్గర బుష్ పెట్టించి సరిచేయిస్తే, చాలాసార్లు ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది ఇంజిన్. ఇది చాలామంది వదిలేస్తారు, నాకు భయమంతా దీని గురించే. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి తెరుచుకుంటుంది కాబట్టి చూడడం తేలిక. ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉంటే మీరు క్రాంక్ పుల్లీని, అంటే ఇంజిన్ ముందువైపు బెల్టు తిప్పే చక్రాన్ని, గమనించండి. అది కంటికి తెలిసేంతగా ముందుకీ వెనక్కీ కదులుతుంటే క్రాంక్ అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయని అర్థం. ఈ ఇంజిన్లలో అవి మరీ అరిగితే ఊడి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులో పడతాయి, ఆ తర్వాత క్రాంకే దెబ్బతింటుంది. అలా కదులుతుంటే క్లచ్ సంగతి పక్కన పెట్టి ముందు వాషర్లు మార్చండి, బండి అసలు నడపొద్దు.

సిలిండర్లు విప్పాల్సి వస్తే పెట్రోలుతో, కిరసనాయిలుతో కడగనివ్వకండి. మన షెడ్లలో ఇది అలవాటు. ఒకసారి నా బండికి అలాగే కడిగి బిగించారు, వారం తిరక్కుండానే రబ్బరు సీళ్ళు ఉబ్బి పెడల్ కిందే ఉండిపోయింది, అదీ రైల్వే గేటు ముందు. కడగడానికి మిథిలేటెడ్ స్పిరిట్ గానీ కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ గానీ చాలు, బిగించేటప్పుడు సీళ్ళకి రాసేది కూడా అదే ఫ్లూయిడ్, గ్రీజు కాదు. సిలిండర్ మారిస్తే పాతదాని బోర్, అంటే లోపలి వ్యాసం, కొలిచి అదే సైజు తెచ్చుకోండి. ముప్పావు అంగుళం ఉన్నచోట 5/8 అంగుళం పెడితే పెడల్ తేలికవుతుంది, సంతోషంగానే ఉంటుంది, కానీ అదే తొక్కుకి 30 శాతం తక్కువ ఫ్లూయిడ్ వెళ్తుంది కాబట్టి క్లచ్ పూర్తిగా విడవదు. రబ్బరు హోస్ కూడా ఆ పనిలోనే మార్చేయండి, పైకి బాగున్నా లోపల ఉబ్బి ఉండొచ్చు.

ఫ్లూయిడ్ డాట్ 3 లేదా డాట్ 4 వాడండి, సిలికాన్‌ది, అంటే డాట్ 5, వీటితో కలపొద్దు. మూత తీసి ఉంచిన ఫ్లూయిడ్ సీసాలో మిగిలింది వాడొద్దు, గాలిలో తేమ పీల్చేసి సిలిండర్‌కి లోపల తుప్పు పట్టిస్తుంది, వానాకాలంలో మరీను. చుక్క పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పక్కనే బకెట్ నీళ్ళు పెట్టుకుని వెంటనే కడిగేయండి. కంట్లో పడితే చాలాసేపు నీళ్ళతో కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆ టెన్షనే ఉండదు.

స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ని కదిపేది) బిగించేటప్పుడు ఎయిర్ తీసే బ్లీడర్ నిపుల్ పైవైపు ఉందో లేదో చూడండి, కిందికి ఉంటే ఎన్ని లీటర్లు పోసినా ఎయిర్ పోదు. కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఛాసిస్ కింద స్టాండ్లు, టైర్లకి అడ్డు కట్టెలు పెట్టాకే దూరండి, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే. బ్లీడింగ్, అంటే లైనులో ఎయిర్ తీసేయడం, అయ్యాక పెడల్ నొక్కి కట్టెతో బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే డబ్బాలో లెవెల్ తగ్గిందా, స్లేవ్ దగ్గర తడి ఉందా చూసి, ముందు రివర్స్ వేసి చూడండి. చప్పుడు లేకుండా పడితేనే గేటు బయటికి తీయండి.