మెక్సికన్ బీన్స్ నేర్చుకుందాం – 3: చార్రోస్‌కి పొగ వాసన పట్టించడం

పోయిన పాఠంలో అరకిలో పింటో గింజలు (మచ్చలుండే బీన్స్) నానబెట్టి, ఉడికించి, కట్టుతో సహా పక్కన పెట్టుకున్నాం. ముందు ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. వెన్నలా అణగాలి. పలుకు తగిలితే ఇంకో అరగంట ఉడకనివ్వండి. ఇవాళ టమాటా వేస్తాం, పులుపు తగిలాక గింజ ఓ పట్టాన మెత్తబడదు. మొదటిసారి నేను అన్నీ ఒకేసారి కుండలో వేశాను. మూడు గంటలు మంట పెట్టినా గింజ గట్టిగానే ఉండిపోయింది.

ఫ్రిహోలెస్ చార్రోస్ ఉత్తర మెక్సికో వంట. ఫ్రిహోలెస్ అంటే బీన్స్. చార్రో అంటే అక్కడి గుర్రపు రౌతు. మాంటెర్రే వైపు నిప్పుల మీద కాల్చిన మాంసం పక్కన గిన్నెలో పోసి ఇస్తారు.

దీనికి పొగ వాసన తెచ్చేది చిపోట్లే. పండిన హాలపెన్యో మిరపకాయల్ని కట్టెల పొగలో రోజుల తరబడి ఆరబెడితే అది తయారవుతుంది. మెక్సికో మూలవాసుల నావాట్ల్ భాషలో చిల్లి అంటే మిరప, పోక్ట్లి అంటే పొగ. మన ఎండుమిర్చి ఎండకు ఆరింది. పెనం మీద ఎంత వేయించినా ఈ వాసన రాదు, దయచేసి దాంతో సరిపెట్టుకోకండి.

రెండు చిపోట్లే కాయల్ని వేడి పెనం మీద ఒక్కో వైపు పది సెకన్లు ఉంచండి. తొక్క కాస్త ఉబ్బి, ఘాటు ముక్కుకు తగలగానే తీసేయాలి. మాడితే చేదు, అవి పనికిరావు. వేడినీళ్లలో 20 నిమిషాలు నానాక తొడిమలు తీసి, మూడు టమాటాలతో కలిపి రుబ్బండి.

మూకుడులో 150 గ్రాముల బేకన్ ముక్కలు నూనె లేకుండా సన్నమంట మీద వేయించండి. కొవ్వు కరిగాక అంతే చోరీసో (మసాలా పట్టించిన పంది మాంసం సాసేజ్) చిదిమి వేయండి. మెక్సికన్ చోరీసో పచ్చిది, పై పొర తీసేయాలి. కొవ్వు ఇటుక రంగుకు తిరుగుతుంది. అందులోనే ఉల్లిపాయ, వెల్లుల్లి, రెండు సెర్రానో మిరపకాయలు మగ్గించి, రుబ్బిన ముద్ద పోయండి. పచ్చివాసన పోయి, అంచుల్లో కొవ్వు తేలేదాకా కలుపుతూ ఉండండి. రుచంతా ఇక్కడే కుదురుతుంది, తొందరపడొద్దు.

దీన్ని గింజల్లో కలిపి 20 నిమిషాలు ఉడికించండి. కట్టు పారబోయకండి. చారుకన్నా చిక్కగా, కూరకన్నా పలచగా రావాలి. బేకన్‌లో ఉప్పుంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. దించాక కొత్తిమీర. మాంసం తిననివాళ్లు నూనెలోనే చేసి ఇంకో చిపోట్లే కలుపుకోవచ్చు.

రెండు గరిటెలు తీసి ఫ్రిజ్‌లో దాచండి. వచ్చే పాఠంలో వాటినే మెదిపి రెఫ్రిటోస్ చేద్దాం.