ఉన్న ఉద్యోగం వదలకుండా ఎఫెక్ట్స్ సిమ్యులేషన్ నేర్చుకోవడం ఎలా?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురంలో ఉంటూ, బడిలో పాఠాలు చెబుతూనో దుకాణంలో లెక్కలు రాస్తూనో సినిమా ఎఫెక్ట్స్ పనిలోకి మారాలనుకునే తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. పొగ, మంట, నీరు, గుడ్డ, కూలే గోడ ఎలా కదులుతాయో కంప్యూటర్‌తో లెక్క కట్టించి తెరపై చూపడమే ఎఫెక్ట్స్ సిమ్యులేషన్. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కదాన్ని పట్టుకుని, అది నిజంగా కనిపించేదాకా వదలకండి. ఇక్కడ పొగను ఉదాహరణగా తీసుకుంటాను.

జీతం వచ్చే పని మాత్రం ఇప్పుడే మానకండి. 2025 ఫిబ్రవరిలో, సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే టెక్నికలర్ గ్రూపు మూతపడినప్పుడు బెంగళూరు, ముంబైలలో ఏళ్ల అనుభవం ఉన్నవారు కూడా ఒక్కసారిగా ఉద్యోగాలు కోల్పోయారు. ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నాకే మారడం మంచిదని నా నమ్మకం.

మొదట సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి

స్టూడియోల ఎఫెక్ట్స్ విభాగాల్లో ఎక్కువగా వాడేది హూడినీ. టొరంటోకు చెందిన సైడ్ఎఫ్ఎక్స్ సంస్థ దీన్ని 1996లో విడుదల చేసింది. నేర్చుకునేవారికి అప్రెంటిస్ ఎడిషన్ ఉచితం. దానితో డబ్బు సంపాదించే పని చేయకూడదు. చిత్రం 1280x720 పిక్సెళ్లు దాటదు, మీద వాటర్‌మార్క్ ఉంటుంది. సాధనకు ఇవేవీ అడ్డు కావు. సహాయ పాఠాలు కంప్యూటర్‌లోనే ఉంటాయి కాబట్టి నెట్ లేని సాయంత్రాల్లోనూ చదువుకోవచ్చు. కంప్యూటర్‌కు అంత శక్తి లేకపోతే బ్లెండర్‌తో మొదలుపెట్టండి, అది పూర్తిగా ఉచితం. 16 జీబీ ర్యామ్ ఉంటే నెట్టుకురావచ్చు, 32 ఉంటే హాయి.

తర్వాత, కంప్యూటర్ మూసి బయటికి వెళ్లండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. రాయగడ వారికి జేకేపూర్ కాగితపు మిల్లు దగ్గరలోనే ఉంది. దూరం నుంచి ఆ గొట్టాల పొగను ఫోనును కదలకుండా నిలబెట్టి చిత్రీకరించండి. గొట్టం అంచు దగ్గర ఎంత చిక్కగా ఉంది, ఎంత ఎత్తులో గాలికి వంగింది, ఎక్కడ పలచబడి కనిపించకుండా పోయింది? నోటుపుస్తకంలో రాసుకోండి. సెట్టింగుల్లో తర్వాత వెతకాల్సింది ఈ మూడింటినే. నీటిని ఎంచుకున్నవారికి గోపాలపూర్ అలలు ఉన్నాయి.

అసలు కొలతల్లో కట్టండి

హూడినీలో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. నలభై మీటర్ల గొట్టాన్ని ఒక మీటరు బొమ్మగా చేస్తే, పొగ ఊదువత్తి పొగలా చకచకా లేస్తుంది. పెద్ద గొట్టం పొగ బరువుగా, నెమ్మదిగా దొర్లుతుంది. కొత్తవారి షాట్ బొమ్మలా కనిపించడానికి కారణం చాలాసార్లు ఈ కొలతే. రంగులో, వెలుతురులో కారణం వెతుకుతూ వారాలు పోగొట్టుకోకండి.

పొగ పుట్టే చోటును సోర్స్‌గా పెట్టి, సాంద్రత, ఉష్ణోగ్రత ఇచ్చి, హూడినీలో పొగ, మంటల కదలికను లెక్కకట్టే పైరో సాల్వర్‌కు కలపండి. పైకి లేపేది ఉష్ణోగ్రత, వంచేది గాలి, పలచబరిచేది డిసిపేషన్ అనే సెట్టింగు. ఒకసారికి ఒక్క విలువే మార్చి, మళ్లీ నడిపి, మీ వీడియో పక్కన పెట్టి చూడండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

తక్కువ వివరంతోనే కదలిక కుదర్చండి

పొగ ఉండే చోటును సాఫ్ట్‌వేర్ వోక్సెళ్లు అనే చిన్న గదులుగా కోస్తుంది. నలభై మీటర్ల ఘనాన్ని మీటరు గదులుగా కోస్తే 64,000 వస్తాయి. గది సైజును అర మీటరుకు తగ్గిస్తే అవి 5,12,000 అవుతాయి. సగానికి తగ్గించిన ప్రతిసారీ ఎనిమిది రెట్లు. అందుకే పెద్ద గదులతో కదలికను సరిచేసుకుని, చివరి రాత్రి మాత్రమే చిన్న గదులతో నడపండి. అయితే గది సైజు మారితే పొగ ప్రవర్తన కూడా కొంత మారుతుంది. ఆఖర్లో ఒకటి రెండు సవరణలు తప్పవు.

ఫలితాన్ని ఫ్రేము ఫ్రేముగా డిస్కులో కాష్ చేయండి, అంటే భద్రపరచండి. వానాకాలంలో కరెంటు పోయే ఊళ్లలో ఇది మరీ అవసరం. బ్లెండర్‌లో రిజ్యూమబుల్ అనే గడిని ముందే టిక్ చేస్తే, ఆపిన చోటి నుంచి బేకింగ్‌ను, అంటే లెక్కకట్టి భద్రపరిచే పనిని, కొనసాగించవచ్చు. చిన్న యూపీఎస్ కొనగలిగితే కొనండి.

షో రీలు, దరఖాస్తు

మీ పనిని స్టూడియోలకు చూపించే చిన్న వీడియోనే షో రీలు. నిమిషం మించనిది చాలు. బాగా వచ్చిన రెండు మూడు షాట్లే పెట్టండి, సగం కుదిరిన నాలుగోది వద్దు. ప్రతి షాట్ తర్వాత సోర్స్, వోక్సెళ్ల దశ, చివరి రూపం వరుసగా చూపించండి. మీరు ఎలా ఆలోచించారో స్టూడియోవాళ్లకు తెలిసేది అక్కడే. పాఠం చూసి యథాతథంగా చేసిన షాట్‌ను మీదిగా పెట్టకండి, ఆ పాఠాలను వాళ్లూ చూసి ఉంటారు.

హైదరాబాద్ స్టూడియోలకు ట్రైనీగా దరఖాస్తు చేయండి. పిలుపు వస్తే సంతకానికి ముందు మూడు సంగతులు అడగండి: బాండు ఎన్నేళ్లు, శిక్షణ నెలల్లో జీతం ఎంత, వేసేది ఎఫెక్ట్స్ విభాగంలోనా, లేక ఫ్రేము ఫ్రేముగా మనుషుల, వస్తువుల అంచులు గీసి వేరుచేసే రోటో విభాగంలోనా. చేర్చుకోవడానికి ఎదురు డబ్బు అడిగితే అక్కడితో ఆపేసి, తర్వాతి స్టూడియోకు రీలు పంపండి.