లోడ్‌సెల్‌కి ఏడీ620: తంటా తెచ్చేది 5వ పిన్నే

లోడ్‌సెల్ అంటే బరువుని చిన్న వోల్టేజ్‌గా మార్చే బ్రిడ్జ్ (నాలుగు రెసిస్టర్ల వలయం) సెన్సర్. నడిపే ప్రతి వోల్టుకి 2 మిల్లీవోల్టులిచ్చే లోడ్‌సెల్‌ని 5 వోల్టులతో నడిపితే నిండు బరువుకి వచ్చేది 10 మిల్లీవోల్టులే. పైగా రెండు సిగ్నల్ వైర్లూ గ్రౌండ్ కంటే 2.5 వోల్టులు పైన ఉంటాయి. ఒక ఆప్‌యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్), విలువ 1 శాతం దాకా తప్పగల నాలుగు రెసిస్టర్లతో ఆ 10 మిల్లీవోల్టులను 200 రెట్లు పెంచామనుకోండి. నాలుగూ చెడ్డ దిక్కుకే తప్పితే ఆ 2.5 వోల్టుల వల్లే ఇన్‌పుట్ దగ్గర అర మిల్లీవోల్టు దొంగ సిగ్నల్ చేరుతుంది, అంటే 5 శాతం. రెసిస్టర్లను లోపలే లేజర్‌తో సరిచేసిన ఏడీ620 లాంటి ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ (రెండు వైర్ల మధ్య తేడాని మాత్రమే పెంచే చిప్) తీసుకునేది ఇందుకే.

1, 8 పిన్నుల మధ్య 249 ఓమ్‌ల 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టండి. 49.4 కిలోఓమ్‌లను దీంతో భాగించి 1 కలిపితే గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 199.4, నిండు బరువుకి దాదాపు 2 వోల్టులు. సిగ్నల్ మైనస్ 2కి, ప్లస్ 3కి. 4కి మైనస్ 5, 7కి ప్లస్ 5 వోల్టులు, రెండింటి పక్కనే చెరో 0.1 మైక్రోఫారడ్ సిరామిక్. అవుట్‌పుట్ 6. రిఫరెన్స్ పిన్ 5 (అవుట్‌పుట్‌కి సున్నా ఎక్కడో చెప్పేది) నేరుగా గ్రౌండ్‌కి.

ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే చిప్) కోసం, బరువు లేనప్పటి అవుట్‌పుట్‌ని 2.5 వోల్టులకు ఎత్తాలంటే చాలామంది 5 వోల్టులను సగం చేసే రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్ల డివైడర్‌ని 5వ పిన్‌కి తగిలిస్తారు. ఆ పిన్ వెనక లోపల 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంది. డివైడర్ దానికి మరో 5 కిలోఓమ్‌లు కలుపుతుంది. దాంతో ఇన్‌పుట్లు రెండూ కలిసి 1 వోల్టు కదిలితే అవుట్‌పుట్ 0.2 వోల్టు కదులుతుంది, గెయిన్ కూడా 10 శాతం పెరుగుతుంది. ఇందులో చిత్రమేమిటంటే, బరువు లేనప్పుడు మీటర్ దాదాపు 2.5 చూపిస్తుంది: రిఫరెన్స్ నుంచి 2.0, ఇన్‌పుట్ల నుంచి 0.5. అందుకే తప్పు కంటపడదు. డివైడర్ తర్వాత ఒక ఆప్‌యాంప్ బఫర్ (రెసిస్టెన్స్ కలపకుండా అదే వోల్టేజ్‌ని అందించేది) పెడితే సరిపోతుంది.

రిఫరెన్స్‌ని ఎత్తినా సప్లై హద్దులు మారవు. ప్లస్-మైనస్ 5 వోల్టులపై అవుట్‌పుట్ సుమారు 3.8 దాటదు, 2.5కి ఎత్తి 2 వోల్టుల సిగ్నల్ కోరితే 4.5 కావాలి, అక్కడ సిగ్నల్ నెత్తి తెగిపోతుంది. 499 ఓమ్‌లు వేసి గెయిన్‌ని 100కి దించండి.

థర్మోకపుల్ (ఉష్ణోగ్రత సెన్సర్) లాంటి గ్రౌండ్ తగలని సెన్సర్ అయితే ఒక ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్‌లు ఇవ్వాలి. లేకపోతే బయాస్ కరెంట్‌కి (ఇన్‌పుట్ పిన్నుల్లో పారే అతి చిన్న కరెంట్) దారి లేక అవుట్‌పుట్ ఏదో ఒక సప్లై చివరకి అతుక్కుంటుంది. బ్రిడ్జ్‌కి ఈ బెడద లేదు.

పొడవాటి కేబుల్ దగ్గర్లో రేడియో పరికరం ఉంటే, ఒక్కో ఇన్‌పుట్‌కి సిరీస్‌లో 1 కిలోఓమ్, గ్రౌండ్‌కి 1 నానోఫారడ్, రెండు ఇన్‌పుట్ల మధ్య 10 నానోఫారడ్ పెట్టండి. మధ్యది పదింతలు ఉండాలి, చిన్న కెపాసిటర్ల తేడాని కప్పేది అదే. కటాఫ్ (ఈ ఫిల్టర్ సిగ్నల్‌ని తగ్గించడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) సుమారు 7.6 కిలోహెర్ట్జ్.

పరీక్షకి లోడ్‌సెల్ తీసేసి రెండు ఇన్‌పుట్లనూ కలిపి 1 నుంచి 3 వోల్టుల దాకా జరపండి. అవుట్‌పుట్ ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించి కదిలితే ముందు 5వ పిన్ వైరింగ్ చూడండి, చిప్ మార్చడం తర్వాత.