‘లాస్ట్ ఎంత?’ అని అడగకండి

పాత వస్తువు అమ్మకానికి కనిపిస్తే చాలు, ‘లాస్ట్ ఎంత?’ అని మెసేజ్ కొట్టేవాణ్ణి. మా ట్రెడ్‌మిల్ అమ్మకానికి పెట్టాక అవే రెండు మాటలు నాకు రోజూ రావడం మొదలైంది. అలా అడిగినవాళ్లలో ఒక్కరూ ఇంటికి వచ్చి చూడలేదు. చూడకుండానే తగ్గించమనేవాడు కొనడని అమ్మేవాళ్లకి రెండో రోజుకే తెలిసిపోతుంది.

నేను పెట్టిన ధరా తక్కువేం కాదు లెండి. కొన్న ధరలో 70 శాతం. రెండేళ్లలో దాని మీద నడిచింది పట్టుమని నెల కూడా లేదు కాబట్టి కొత్తదానితో సమానమేనని నా లెక్క. ‘బట్టలారేసుకునే దండేనికి ఎంతొస్తుందో అంత పెట్టండి’ అంది మా ఆవిడ. నాలుగు నెలలు హాల్లో అడ్డంగా పడి ఉండి, చివరికి 30 శాతానికి పోయింది.

కాకి పిల్ల కాకికి ముద్దు. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ తదితరులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులిచ్చి అమ్ముకోమన్నారు. కప్పు చేతికొచ్చి కాసేపే అయినా, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు పైనే అడిగారు. ఏళ్ల తరబడి వాడుకున్న వస్తువు సంగతి ఇక చెప్పాలా? అందుకే ధర ఎక్కువ చెప్పినవాణ్ణి మోసగాడనుకోకండి. ఆయన పాత బిల్లు చూసి చెబుతున్నాడు. మీరు ఇవాళ్టి ధర తెలుసుకుని వెళ్లండి.

అంటే అదే వస్తువు, లేదా దాని బదులు వచ్చిన కొత్త మోడల్, ఇప్పుడు కొత్తగా ఎంతకు దొరుకుతుందో చూడాలి. అలాంటి పాతవాటి ప్రకటనలు కూడా ఒక వారం గమనించండి. ప్రకటనలో ఉండేది అడిగే ధర మాత్రమే. నెలల తరబడి కదలనివాటి ధర లెక్కలోకి తీసుకోకండి. పెట్టిన రెండు మూడు రోజుల్లో మాయమైనవాటి ధర చూసుకోండి. అందులోంచి రిపేరు, రవాణా ఖర్చులు తీసేస్తే మీరు ఇవ్వగలిగే గరిష్ఠ ధర వస్తుంది. బయల్దేరే ముందే దాన్ని కాగితం మీద రాసుకోండి. ఎదుటివాడి అంకె ఒకసారి చెవిన పడ్డాక మన బుర్ర దాని చుట్టే తిరుగుతుంది.

ఇక చూడటం. ఫోనైతే *#06# నొక్కితే వచ్చే 15 అంకెలు బాక్సు మీది నంబరుతో కలుస్తున్నాయా, పాత అకౌంటు తీసేశారా చూడాలి. వాషింగ్ మెషీన్‌ని స్పిన్‌లో పెట్టి వినాలి. బండైతే టైరు పక్కభాగం మీద 2319 లాంటి నాలుగంకెలు వెతకండి. 2019లో 23వ వారం తయారైందని అర్థం. ‘మొన్ననే మార్చాం’ అనే మాట అక్కడే తేలిపోతుంది. వస్తువు చూడకముందు అడ్వాన్స్ మాత్రం పంపొద్దు.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఒక కెమెరా బేరం. లెన్సుకి ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండోవైపు నుంచి చూశాను. లోపల అంచున సాలెగూడులా సన్నటి పోగులు. ‘దుమ్మండీ, తుడిస్తే పోతుంది’ అన్నాడాయన. లెన్సు, టార్చ్ ఆయన చేతికే ఇచ్చాను. చాలాసేపు చూశాడు. అది బూజు. శుభ్రం చేయించొచ్చు గానీ గాజు పూత తినేసి ఉంటే మరక పోదు. అప్పుడాయన, ‘మా పాప మొదటి ఫోటో దీంతోనే తీశానండీ’ అన్నాడు.

ఇలాంటి చోట ‘పాత మోడలే కదా’ అన్నామా, బేరం చెడినట్టే. వస్తువుని తిట్టకూడదు, ఖర్చు చూపించాలి. ‘బాగా చూసుకున్నారు. కానీ లెన్సు బాగుచేయించాలి, బ్యాటరీ కొత్తది కొనాలి. ఇవి పోను ఇంత ఇవ్వగలను’ అని అంకె చెప్పాను. రాసుకున్నదానికంటే పది శాతం తక్కువే చెప్పాను, కాస్త పైకి వెళ్లే చోటు ఉండాలిగా.

ఆ తర్వాత నోరు మూసుకోవాలి. నాకు చేతకానిది ఇదే. ఆ నిశ్శబ్దం భరించలేక ‘పోనీ ఇంకొంచెం వేసుకోండి’ అని నా బేరాన్ని నేనే పాడుచేసుకున్న రోజులున్నాయి. ఈసారి కెమెరా బ్యాగు జిప్పు చూస్తూ కూర్చున్నాను. ‘లెన్సు వద్దులెండి, బాడీ ఒక్కటే తీసుకోండి’ అన్నాడాయన. బాడీ ధర నేను రాసుకోలేదు. పది నిమిషాలు టైమడిగి, బయటికెళ్లి ఫోన్‌లో ధరలు చూసుకుని వచ్చి చెప్పాను. ఒప్పుకున్నాడు.

కుదిరాక మళ్లీ ధర తగ్గించమనలేదు, చార్జరు మాత్రం అడిగాను. చార్జరుతో పాటు ఆ బ్యాగు కూడా ఇచ్చాడు, జిప్పు పనిచేయదని ముందే చెప్పి.