అడవి కత్తి – 2వ పాఠం: తక్కువ ధరలో ఏది కొనాలి

మడత కత్తికి బలహీనత దాని కీలు దగ్గరే అని మొదటి పాఠంలో చూశాం. అందుకే ఇక్కడి నుంచి మడవని కత్తుల గురించే.

ముందు ఒక రకాన్ని పక్కన పెట్టేయండి. బోలు పిడి, దాని చివర దిక్సూచి, లోపల గాలం, అగ్గిపుల్లలు. చూడ్డానికి భలే ఉంటుంది, ధరా తక్కువే. కానీ పిడి బోలుగా ఉండాలంటే బ్లేడు పిడి మొదట్లోనే ఆగిపోవాలి. చౌక రకాల్లో అక్కడ పట్టి ఉంచేది ఒక నట్టు, అంతే. కట్టె మీద కత్తి ఆనించి, వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి చీలుస్తాం కదా, ఆ దెబ్బల భారమంతా సరిగ్గా అక్కడే పడుతుంది.

బ్లేడు ఇనుము పిడిలోకి సాగే భాగాన్ని టాంగ్ అంటారు. అది పిడి చివరిదాకా ఉంటే ఫుల్ టాంగ్. ఇదే కావాలని అందరూ పట్టుబడతారు గానీ, నేను అంత పంతం పట్టను. స్వీడన్‌లోని మోరాలో తయారయ్యే మొరాక్నీవ్ కంపానియన్‌నే చూడండి. బ్లేడు సుమారు 10 సెం.మీ., మందం 2.5 మి.మీ. ఫుల్ టాంగ్ కాదు. అయినా పుల్లలు చెక్కడానికి, తాడు కోయడానికి, సన్నని కట్టెలు చీల్చడానికి హాయిగా సరిపోతుంది. అదే కంపెనీ గార్‌బెర్గ్ ఫుల్ టాంగే, మందం 3.2 మి.మీ., కానీ ధర కొన్ని రెట్లు. మొదటి కత్తికి అంత పెట్టొద్దు. లావు దుంగలు చీల్చడం గొడ్డలి పని.

ఉక్కు సంగతి. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది, తడి తగిలితే అంతే సులువుగా తుప్పు పడుతుంది. వానాకాలం ట్రెక్కింగులకు స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఫెర్రో రాడ్‌తో, అంటే కత్తి వెన్నుతో గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీతో, నిప్పు రాజేయడానికి కార్బన్ ఉక్కే ఉండాలన్నది అపోహ. వెన్ను అంచులు గుండ్రంగా కాకుండా పలకలుగా ఉంటే చాలు. చెకుముకి రాయికి మాత్రం కార్బన్ ఉక్కే కావాలి.

ఒక హెచ్చరిక: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కత్తి కూడా ఆయుధమే. రాతపూర్వక అనుమతి లేకుండా దానితో అభయారణ్యంలోకి వెళ్లకూడదు.

వచ్చే పాఠం సానబట్టడం గురించి. ఈలోగా ఇంట్లో ఉన్న ఏ కత్తితోనైనా ఓ ఎండుపుల్లను పొరలు పొరలుగా చెక్కండి, పొరలు ఊడిపోకుండా పుల్లకే అంటుకుని ఉండాలి. కాసేపటికి అరచేతిలో ఎక్కడ మంట పుడుతుందో గమనించండి. కొత్త కత్తి కొనేటప్పుడు పిడి ఆ చోట ఒత్తుకోకుండా ఉందా అన్నది ముందు చూడాలి.