పాత గార్డెన్ ట్రాక్టర్ విద్యుత్ క్లచ్‌ను పరీక్షించే ముందు జాగ్రత్తలు

అమెరికా ఇళ్లలో గడ్డి కోతకు వాడే పాత గార్డెన్ ట్రాక్టర్లలో, ఇంజిన్ శక్తిని బ్లేడ్లకు అందించే క్లచ్ సాధారణంగా 12 వోల్టులతో పనిచేస్తుంది. దానిని ముట్టుకునే ముందు బండిని చదునైన నేలపై నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసి, సైలెన్సరు పూర్తిగా చల్లారేవరకు ఆగండి.

పాత వైరింగులో తాళం తీసినంత మాత్రాన ఇగ్నిషన్ నిజంగా ఆగిందని నమ్మలేము కాబట్టి, స్పార్క్ ప్లగ్ తీగను ఊడదీసి ప్లగ్‌కు దూరంగా కట్టాలి. రెండు సిలిండర్ల ఇంజిన్ అయితే రెండు తీగలూ తీయాలి. బ్యాటరీకి నెగెటివ్ తీగను అన్నిటికంటే ముందు విప్పి, చివరగా బిగించండి.

క్లచ్ లోపలి తీగచుట్ట (కాయిల్) నిరోధాన్ని మల్టీమీటరుతో కొలిచేటప్పుడు క్లచ్ కనెక్టరు విడదీసి ఉండాలి. చాలా క్లచ్‌లలో అది 2 నుంచి 4 ఓమ్‌ల మధ్య ఉంటుంది గాని, మీ మోడల్ మాన్యువల్‌లోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి. క్లచ్‌కు వోల్టేజి అందుతోందో లేదో చూడటానికి బ్యాటరీని మళ్లీ కలపక తప్పదు. అప్పుడు కూడా ప్లగ్ తీగలను ఊడదీసే ఉంచి, తాళాన్ని స్టార్టరు వరకు తిప్పకుండా ‘ఆన్’ దగ్గరే ఆపాలి.

మనిషి సీటు నుంచి లేస్తే బ్లేడ్లను ఆపే, సీటు కింది భద్రతా స్విచ్‌ను పనిచేయకుండా తీగముక్కతో కలిపేయడం అత్యంత ప్రమాదకరం, ఎందుకంటే ఆ తీగను తీయడం మరిచిపోతే, మనిషి కిందపడినా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. పరీక్షకు అవసరమైతే ఒకరిని సీటులో కూర్చోబెట్టండి.